గీత అవతలి గడియారం

అలబామాలో పెద్ద లాటరీ తగిలినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడని టీవీలో చెబుతున్నప్పుడు నొవెల్లా ప్రాథర్ చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. టీవీలో ఆయన దేశపటం చూపించి, పెద్ద బహుమతులు పడ్డ రాష్ట్రాలకి పచ్చరంగు పూసి, పడనివాటిని తెల్లగా వదిలేశాడు. ఆ పచ్చదనం మధ్య అలబామా పెయింటు ఊడిన గోడలా కనిపించింది.

"పడకపోవడమేమిటి నీ మొహం. ఇక్కడ అమ్మితేగా పడేది," అంది నొవెల్లా టీవీతో.

అలబామాలో లాటరీ టిక్కెట్టు అమ్మకూడదు. ఒకసారి జనాన్ని ఓటడిగితే వద్దనే అన్నారు. వద్దన్నవాళ్లలో సగంమంది ఆ వారమే కారెక్కి, గీత దాటి, జార్జియాలో టిక్కెట్లు కొనుక్కొచ్చారు. గీత అంటే రెండు రాష్ట్రాల సరిహద్దు. అవతల కొన్న టిక్కెట్టుకి తగిలితే ఆ పేరు జార్జియా ఖాతాలోకే పోతుంది. పక్క ఊరి వెల్డరు ఓడిస్ క్రమ్‌కి అలాగే తగిలింది. తలుపంత చెక్కు పట్టుకుని నవ్వుతున్న అతని ఫొటో గీత అవతలి కొట్టు గోడకి వేలాడుతూనే ఉంది. దాని కింద రాసింది మాత్రం జార్జియా జిల్లా పేరు. ఓడిస్ పుట్టిందీ, పెరిగిందీ, తాగి ముక్కు పగలగొట్టుకుందీ అంతా అలబామాలోనే. టిక్కెట్ల మీద మిగిలిన లాభంతో జార్జియా తన పిల్లల్ని కాలేజీలకి పంపుకుంటుంది. సొమ్మొకడిది, సోకొకడిది.

నొవెల్లా పిండిని గుండ్రంగా ఒత్తి, ఎండు పీచ్ పళ్లు ఉడికించి మెదిపిన ముద్ద మధ్యలో పెట్టి, సగానికి మడిచి, అంచుని ఫోర్కు ముళ్లతో వరసగా నొక్కింది. అచ్చం మన కజ్జికాయలే. కాకపోతే లోపల కొబ్బరికి బదులు పళ్ల గుజ్జు. ఇనుప మూకుడులో కొవ్వు కాగాక నాలుగేసి చొప్పున వదిలింది. మూకుడులో ఇరుకైతే కజ్జికాయ కూడా అలుగుతుందని ఆమె నమ్మకం. ప్రతి బుధవారం వాటిని డబ్బాలకెత్తి గీత అవతలి కొట్టుకి వేసి వస్తుంది. అక్కడి లారీవాళ్లు వాటి కోసమే ఆగుతారు.

కొట్టుకి వెయ్యగా మిగిలినవి ఊళ్లో పంచుతుంది. ఎవరింట్లో జ్వరమొచ్చినా, ఎవరికి మనసు బాగోలేకపోయినా నొవెల్లా పళ్లెం ఒకటి ఆ గుమ్మంలో వాలుతుంది. ఆ ఊళ్లో ఒక పద్ధతుంది: ఇంటికొచ్చిన పళ్లేన్ని ఖాళీగా తిప్పి పంపకూడదు. నాలుగు టమాటాలో, గుప్పెడు ఉడకేసిన వేరుశనక్కాయలో వేసి, వెండి కాగితం కప్పి పంపాలి. నొవెల్లా వారం వారం గీత దాటుతుందని తెలిశాక, టమాటాల కింద ఇంకో మడత కూడా రావడం మొదలైంది. ఒక చీటీ, దాని మీద నంబర్లు, లోపల రెండు డాలర్ల నోట్లు. ఎవరూ నోరు విప్పి అడగరు, ఆమె నోరు విప్పి చెప్పదు. మౌంట్ నీబో బాప్టిస్టు చర్చిలో లాటరీ పాపమని నెలకోసారి ప్రసంగం వింటారు, తలలూపుతారు, పళ్లేలు పంపుతారు.

నొవెల్లా ఆ చర్చిలో పియానో వాయిస్తుంది. కీర్తన నంబరు చెబితే చాలు, పుస్తకం తెరవదు. అదే జ్ఞాపకంతో ఎవరి లాటరీ నంబర్లు ఏమిటో కూడా చెప్పగలదు. రెండేళ్ల కిందట పోయిన లోటీ గాస్కిన్ నంబర్లు కూడా ఇంకా నోటికొచ్చు. ముగ్గురు పిల్లలు పుట్టిన తేదీలూ, పెళ్లి తేదీ, చివర్న వాళ్ల ఆవుదూడని కొన్న తేదీ. లోటీ పళ్లెం ఎప్పుడూ అంజీర పాకంతో వచ్చేది. ఆవిడ పోయాక భర్త థర్మన్ గాస్కిన్‌కి కూడా నొవెల్లా నెలకోసారి కజ్జికాయలు పంపుతూనే ఉంది. ఆయన సంఘ పెద్దల్లో అందరికన్నా పెద్ద, చర్చిలో లాటరీ పేరెత్తితే అందరికన్నా గట్టిగా ఖండించేవాడు కూడా ఆయనే. ఆయన దగ్గర్నుంచి పళ్లెం అద్దంలా తోమి వస్తుంది. అందులో ఏమీ ఉండదు.

గురువారం సాయంత్రం ఆ థర్మన్ గాస్కిన్ ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు గాని కూర్చోమంటే కూర్చోలేదు. చల్లటి తీపి టీ ఇస్తే పుచ్చుకుని, తాగకుండా గ్లాసుని అరుగు గోడ మీద పెట్టాడు.

నిన్న గీత అవతలి కొట్టు దగ్గర ఆమె కారు చూశానన్నాడు. కజ్జికాయలు వెయ్యడానికి వెళ్లానంది. ఆ సంగతి తనకీ తెలుసునన్నాడు.

"టిక్కెట్లు కొనలేదని చెప్పు సిస్టర్. ఆ ఒక్క మాట చెబితే వెళ్లిపోతా."

నొవెల్లా ఆలోచించింది. అబద్ధం ఆడితే ఆ రోజుతో పోయేది. కాని ఆదివారం పియానో ముందు కూర్చున్నప్పుడు ఆ అబద్ధం కూడా వచ్చి పక్కన కూర్చుంటుంది.

"కొన్నాను. నాదొకటి కొన్నాను. మిగతావాటి గురించి నన్నడక్కండి."

"మిగతావి కూడా ఉన్నాయన్నమాట."

"అడక్కండన్నాగా."

వచ్చే బుధవారం ప్రార్థన తర్వాత సంఘం కూడిక ఉంది. ఆ లోపల ఆమె తనంతట తనే పియానో మానేస్తే గొడవుండదు, లేదంటే అందరి ముందూ ప్రస్తావిస్తానన్నాడు. జూదం సొమ్ము ముట్టిన చేతులు దేవుడి వాద్యం ముట్టకూడదన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆమె మొహంకేసి చూడలేదు, టీ గ్లాసుకేసి చూశాడు.

ఆయన వెళ్లాక నొవెల్లా ఆ టీని బంతి మొక్క మొదట్లో పోసింది. ఆమెకి పియానో మీద జీతం లేదు, ఇంట్లో పియానో లేదు. వారానికి రెండుసార్లు ఆ చర్చి పియానో తెల్ల మెట్ల మీద పడే చేతులే ఆమె చేతులు. మిగతా రోజుల్లో అవి పిండి పిసికే పనిముట్లు.

కబురు ఆ రాత్రే ఊరంతా పాకింది. శుక్రవారం పళ్లేలు రావడం మొదలైంది. మొదటిది గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయారు, తలుపు కూడా తట్టలేదు. నొవెల్లా వెండి కాగితం కోసం చెయ్యి చాపి, అది లేదని చూసింది. పళ్లెం ఖాళీ. శనివారం మరో నాలుగు వచ్చాయి, అన్నీ ఖాళీగానే. ఆమె వాటిని వంటింటి బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చి కుర్చీలో కూలబడింది. థర్మన్ మాటలకి రాని ఏడుపు ఆ పళ్లేలని చూస్తే వచ్చింది. ఇన్నేళ్లూ వీళ్ల గుట్టు కడుపులో పెట్టుకున్నందుకా ఇది?

తొంభై ఏళ్ల మిస్ ఓపల్ పళ్లెం ఒక్కటే ఎప్పటిలా వచ్చింది. ఉడకేసిన వేరుశనక్కాయలు, వాటి కింద చీటీ, రెండు డాలర్లు. చీటీలో ఎప్పటి నంబర్లే ఉన్నాయి.

ఆదివారం నొవెల్లా వాయించింది. ఎవరూ ఆమె కళ్లలోకి చూడలేదు. కానుకల పళ్లెం తిరుగుతున్నప్పుడు ఆమె బల్లల వరసలకేసి చూసి, ఒక్కొక్క తలకీ నంబర్లు అప్పజెప్పుకుంది. రెండో వరస చివర ఉన్నాయన, ఆయన వెనక ఆవిడ, గాయకబృందంలో ఇద్దరు, ఆదివారం బడి పంతులమ్మ. బుధవారం లేచి నిలబడి ఈ పేర్లన్నీ చదివేస్తే పియానో వాయించేవాళ్లే కాదు, వినేవాళ్లూ మిగలరు. ఆ ఆలోచన ఒక నిమిషం పీచ్ పాకమంత తియ్యగా అనిపించింది. చివరి కీర్తన మొదలుపెట్టేసరికి వెగటు పుట్టింది. పళ్లెంలో వచ్చినదాన్ని పళ్లెంలోనే ఉంచాలి.

బుధవారం మళ్లీ పిండి కలిపింది. పియానో ఉన్నా ఊడినా లారీవాళ్లకి ఆకలేస్తుంది. డబ్బాలు కారు వెనక సీట్లో సర్ది బయల్దేరింది. చర్చికి వెళ్లే బట్టలు ముందే కట్టుకుంది, ఎందుకంటే గీత దగ్గర కాలం మనిషి మాట వినదు. జార్జియా గడియారం అలబామా గడియారం కన్నా గంట ముందుంటుంది. అటువైపుది తొందర టైము, ఇటువైపుది నిదానం టైము అంటారు. పెళ్లి పత్రికలో ఏ టైమో రాయకపోతే సగంమంది చుట్టాలు భోజనాలయ్యాక వస్తారు. ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్లెవరికైనా ఎవరు ఏ గంట చెప్పినా, ఒకటి కలిపో ఒకటి తీసో చూసుకోవడం ఊపిరి తీసినంత అలవాటు.

కొట్టు పక్క తలుపులోంచి డబ్బాలు దించి, కజ్జికాయలు అద్దాల పెట్టెలో సర్దింది. తర్వాత ముందుకొచ్చి, టిక్కెట్ల బల్ల దగ్గర తనదీ మిస్ ఓపల్‌దీ రెండే కొంది. గల్లాలో కూర్చున్న డార్లా ఆశ్చర్యపోయింది.

"అదేంటక్కా, ఇవ్వాళ రెండేనా? మీ ఊరు ఊరంతా మారుమనసు పొందిందా?"

"మనసెవరిదీ మారలేదు. అందరికీ భయమేసింది," అంది నొవెల్లా.

మిషను టిక్కెట్లు కక్కేలోపు, అలవాటుగా తలెత్తి గడియారం చూసింది. టిక్కెట్ల బల్లకి ఎదురుగా, సిగరెట్ల అరమర లోపలి దూలానికి కొట్టి ఉంటుందది. రోడ్డు మీంచి గాని, పెట్రోలు పంపు దగ్గర్నుంచి గాని, గుమ్మంలోంచి గాని కనిపించదు. బల్ల దగ్గర నిలబడ్డవాళ్లకే కనిపిస్తుంది. ఆరున్నర చూపిస్తోంది. అంటే మనకి ఐదున్నర, ప్రార్థన వేళకి అందుకుంటాననుకుని ఆమె బయటపడింది.

ప్రార్థనకి ఎప్పుడూ పాతికమంది వస్తారు. ఆ రోజు కుర్చీలు చాలక గోడల వెంబడి నిలబడ్డారు. నొవెల్లా మూడు కీర్తనలు వాయించింది, థర్మన్ గాస్కిన్ మూడింటికీ కింది స్వరం పాడాడు. ఆ గొంతు కాళ్ల కింద నేలలా ఉంటుంది. అది లేకపోతే మిగతా గొంతులన్నీ గాల్లో తేలుతాయి. ఆమెకి ఆయన మీద ఎంత కోపమున్నా చేతులు ఆ గొంతు కోసం ఆగి, అది అందుకున్నాకే ముందుకెళ్లాయి.

పాస్టరు కెంట్ కుర్రవాడు, మిస్సోరీ నుంచి వచ్చి ఆరు నెలలు కాలేదు. కూడిక మొదలుపెట్టి, బ్రదర్ గాస్కిన్ ఏదో చెప్పాలనుకుంటున్నారన్నాడు. ఆ గొంతులోనే తెలిసింది, అది వినడం ఆయనకీ ఇష్టం లేదని.

థర్మన్ లేచాడు. పంచాయితీలో సాక్ష్యం చెప్పేవాడిలా కోటు బొత్తాం పెట్టుకున్నాడు. జేబులోంచి తండ్రి నాటి గడియారం తీసి చూసి మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన ఫోను వాడడు. ఆ జేబు గడియారం ఏనాడూ తొందర టైముకి తిరగలేదని ఊరంతా ఎరుగును.

"నాకు సిస్టర్ ప్రాథర్ మీద కక్ష లేదు. నా భార్య పోయినప్పుడు నాకు తిండి పెట్టిన చెయ్యి ఆమెది. కాని చూసింది చెప్పకపోతే అది నా తప్పవుతుంది. గాలి కబురు కాదిది, నా కళ్లతో చూశాను. పోయిన బుధవారం సాయంత్రం, సరిగ్గా ఆరున్నరకి, గీత అవతలి కొట్టు పక్కన ఆమె కారుంది. టిక్కెట్లు కొన్నానని తర్వాత ఆమే ఒప్పుకుంది."

పాస్టరు నొవెల్లా కేసి తిరిగి, ఏమైనా చెప్పుకుంటారా అని అడిగాడు.

ఆమె పియానో బల్ల మీంచి లేవలేదు. చెప్పుకోవడానికి ఏమీ లేదు, కొన్నమాట నిజమే అని చెప్పి ఊరుకుందామనే కూర్చుంది. కాని ఆరున్నర అన్న మాట చెవిలో గులకరాయిలా కదిలింది. పోయిన బుధవారం ఆరున్నరకి ఆమె ఇదే బల్ల మీద కూర్చుని రెండో కీర్తన వాయిస్తోంది. ఈయన ఆ కిటికీ పక్కనే నిలబడి పాడుతున్నాడు. నిదానం టైము తప్ప ఎరగని మనిషి నోట తొందర టైము ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

ఆమె మెల్లిగా ఆయనకేసి తిరిగింది.

"కొన్నాను, కాదనను. కాని బ్రదర్, ఆరున్నరైందని ఏ గడియారంలో చూశారు?"

థర్మన్ నోరు తెరిచాడు. చెయ్యి దానంతటదే గడియారం ఉన్న జేబు మీదికి వెళ్లింది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

చర్చిలో అందరూ మనసులో ఒకటి తీసేస్తున్నారు. తొందర టైము ఆరున్నర, మనకి ఐదున్నర. జేబు గడియారంలో చూస్తే ఐదున్నరనే చెప్పేవాడు. ఆరున్నర చెప్పాడంటే చూసింది కొట్టులో గడియారం. కొట్టులో గడియారం...

మొదట నవ్వింది మిస్ ఓపల్. పళ్లు లేని నోరు రెండు చేతుల్తో మూసుకున్నా ఆగలేదు. ఆవిడ వెనక రెండో వరసలో ఉన్నాయన పొలమారినట్టు దగ్గాడు. గాయకబృందంలో ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు. ఆదివారం బడి పంతులమ్మ చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. అక్కణ్ణుంచి గోడల వెంబడి నిలబడ్డవాళ్ల దాకా నవ్వు పాకి, చర్చి కిటికీలు గలగలలాడాయి.

పాస్టరు ఒక్కడే అయోమయంగా చూస్తున్నాడు. "ఏమైంది? ఆ గడియారం రోడ్డు మీంచి కనిపించదా?" అన్నాడు.

ఆ మాటతో నవ్వు ఠక్కున ఆగింది. కనిపించదని పాస్టరుకి తప్ప అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎలా తెలుసో ఒకరి మొహం చూసి ఒకరికి ఇప్పుడు అర్థమైంది. నవ్విన నోళ్లన్నీ ఆ బల్ల దగ్గర నిలబడ్డ నోళ్లే. ఎర్రబడని మొహం చర్చి మొత్తానికి పాస్టరుదొక్కటే.

"కనిపించదు నాయనా. టిక్కెట్లు కొనే చోట నిలబడితేనే కనిపిస్తుంది. నేనూ ఓపికున్న రోజుల్లో బోలెడుసార్లు చూశాను," అంది మిస్ ఓపల్.

అప్పుడు రెండో వరసలో ఆయన గొంతు సవరించుకుని, పోయిన వారం సిస్టర్ ప్రాథర్ కొన్న టిక్కెట్లలో ఒకటి తనదన్నాడు. ఆయన వెనకావిడ, రెండు తనవంది. ఇక ఒకరి తర్వాత ఒకరు, ఎవరూ అడగకుండానే. నొవెల్లా పియానో మెట్లకేసి చూస్తూ కూర్చుంది. ఖాళీ పళ్లేలు తెచ్చిన గుండె బరువు ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క పళ్లెం చొప్పున దిగిపోయింది.

థర్మన్ ఇంకా నిలబడే ఉన్నాడు. కూర్చోవాలన్న సంగతి కూడా ఆయనకి తోచినట్టు లేదు.

"లోటీ నంబర్లు," అన్నాడు చివరికి. "ఆవిడ పోయాక సొరుగులో చీటీ దొరికింది. ఒక్క వారం మానేసినా... ఆవిడ్ని మళ్లీ పూడ్చినట్టుండేది. ఆ రోజు నీ కారు చూసి, నువ్వు నన్ను చూశావేమోనని భయపడ్డాను సిస్టర్. నువ్వు చెప్పకముందే నేను చెప్పేస్తే చాలనుకున్నా."

"నేను చూళ్లేదు బ్రదర్," అంది నొవెల్లా.

"అదే గదమ్మా నా ఖర్మ."

ఈసారి నవ్వు మెత్తగా వచ్చింది. అయినా ఆ మనిషి అందరి మధ్యా బట్టలూడినట్టు నిలబడి ఉన్నాడు. మరి కాస్సేపు అలా వదిలేస్తే రేపట్నుంచి చర్చి మెట్లెక్కడు. వారం రోజులుగా ఇలా నిలబడ్డమంటే ఏమిటో నొవెల్లాకి బాగా తెలుసు. ఇంకొకరైతే ఆ క్షణాన్ని చప్పరించేవాళ్లే, చప్పరించినా తప్పుపట్టేవాళ్లు లేరు. ఆమె అటు తిరిగి పియానో మెట్ల మీద చేతులు వేసింది. లోటీకి ఇష్టమైన కీర్తన, కింది స్వరంతో మొదలయ్యేది. మొదటి పాదం వాయించి ఆపి, ఎదురుచూసింది.

ఎవరూ పాడలేదు. ఆమె మళ్లీ మొదటి పాదం వాయించింది.

థర్మన్ గొంతు పగిలినట్టుగా లేచి, రెండో మాటకి నిలదొక్కుకుంది. దాని మీద ఒక్కొక్క గొంతే వచ్చి నిలబడి, చివరి చరణానికి చర్చి కప్పు లేస్తుందేమో అనిపించింది. నొవెల్లా కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక వాటిని అలాగే కారనిచ్చింది. ఇంత బాగా ఈ చర్చి ఏనాడూ పాడలేదు, ఇంత సంతోషంగా ఆమె ఏనాడూ వాయించలేదు.

పాట అయ్యాక పాస్టరు, మరి ఈ ప్రస్తావన మీద ఓటు వెయ్యాలా అని బెరుగ్గా అడిగాడు. గీతకి రెండువైపులా గడియారాలు ఒక్కటయ్యేదాకా దాన్ని పక్కన పెడదామంది మిస్ ఓపల్. అందరూ అవునన్నారు, థర్మన్ గాస్కిన్ అందరికన్నా గట్టిగా.

సోమవారానికి పళ్లేలు రావడం మొదలైంది. బెండకాయలు, మొక్కజొన్న రొట్టె, తేనె సీసా. అన్నిటి మీదా వెండి కాగితమే, ఈసారి తలుపు తట్టి చేతికిచ్చి వెళ్లారు. ఇద్దరు క్షమించమని అడిగారు. మిగతావాళ్లు అడగలేక తేనె ఎక్కువ పోశారు. మంగళవారం పొద్దుటే థర్మన్ గాస్కిన్ వచ్చాడు. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన టీ ఐసుముక్కలతో సహా తాగి, పళ్లెం బల్ల మీద పెట్టి వెళ్లాడు. దాని మీద వంకరటింకరగా వెండి కాగితం కప్పి ఉంది. లోపల అంజీర పాకం, స్వయంగా వండాడు కాబోలు, అడుగంటింది. దాని పక్కన మడత. నొవెల్లా నోట్లు తీసుకుని, చీటీ విప్పకుండానే సొరుగులో దాచింది.

బుధవారం డార్లా ముందు నిలబడి ఆ నంబర్లు చూడకుండా చెప్పింది. ముగ్గురు పిల్లలు, పెళ్లి, ఆవుదూడ. డార్లా మిషను మీద వేళ్లు ఆడించి ఆగింది.

"ఇవి ఆ పెద్దాయన నంబర్లు కదక్కా? వారం వారం వస్తాడు, ఎవరైనా చూస్తున్నారేమోనని టోపీ దించుకుని. ఏం, ఒంట్లో బాలేదా?"

"నిక్షేపంగా ఉన్నాడు." నొవెల్లా కౌంటరు మీది పెన్ను తీసుకుని గోడ దగ్గరికి నడిచింది. ఓడిస్ క్రమ్ ఫొటో కింద, జార్జియా జిల్లా పేరు పక్కనే, అలబామా అని పెద్ద అక్షరాలతో రాసింది. నొవెల్లా తిరిగొచ్చి, పెన్ను ఉన్నచోట పెట్టి, టిక్కెట్లు సంచిలో వేసుకుంది.

"ఇక ఆయన రాడు," అంది. "బుధవారం సాయంత్రాలు ఆయనకి పాటుంది."